గురమ్మ చేతి నూనె

పోయిన వారం దుర్గను టైర్ల గుట్టలో వదిలేసి వచ్చాను. కారు మూతి పాత టైర్ల మధ్య కూరుకుపోయింది, వెనక చక్రం ఒకటి గాల్లో ఊరికే తిరుగుతోంది, హెల్మెట్ లోపల ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఉంది. అక్కడ ఆపేసినందుకు వారమంతా నన్ను తిట్టినవాళ్ళకి ముందుగా ఆ కబురు చెప్పేస్తాను. దుర్గకేమీ కాలేదు. మోచేతి దగ్గర కాస్త చర్మం గీసుకుపోయింది. ఇక తిట్లు ఆపి చదవండి.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. దుర్గది భోగాపురం అవతల, సముద్రం ఒడ్డున నీలమ్మపేట. తండ్రి లక్ష్ముడు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనికి పోయి ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే ఉంటాడు. తల్లి లేదు. పిల్లను పెంచింది అమ్మమ్మ గురమ్మ. ఒడ్డున చేపల వేలంలో గురమ్మ నోరు విప్పిందంటే మగవాళ్ళు బేరం మానుకుని పక్కకి తప్పుకుంటారు. ఆవిడ కొన్న చిన్న వ్యాను మీదే దుర్గ బండి తోలడం నేర్చుకుంది. వెనక చేపల బుట్టలు, బుట్టల మధ్య ఊరి ఆడవాళ్ళు. బ్రేకు గట్టిగా నొక్కితే వెనక నుంచి క్యాబిన్ రేకు మీద దబదబా గుద్దులు, వాటితో పాటు వంశం మొత్తానికి తిట్లు. ఆ తిట్లు తినీ తినీ మలుపులో కూడా బుట్టలో నీళ్ళు తొణక్కుండా తోలడం అబ్బింది. ఒక పొద్దున విజయనగరం దారిలో తన జీపును అలా నున్నగా దాటిపోయిన చేపల వ్యానును చూసి గరివిడిలో వర్క్‌షాపున్న జగన్నాధం వెంటపడ్డాడు. మార్కెట్లో పట్టుకుని, తోలింది ఆడపిల్లని తెలిసి నోరు తెరిచాడు. ఆ తర్వాత పాత కారొకటి కొని, తన మెకానిక్ ధర్మేంద్రతో కలిసి దాన్ని పందెం కారుగా మార్చి, ఆ పిల్లను అందులో కూర్చోబెట్టాడు. అదంతా వెనకటి భాగాల్లో చెప్పిన కథే.

ఇప్పుడు గరివిడిలోనే పోటీ. ఎప్పుడో లారీలు నిలపడానికి పోసి వదిలేసిన పెద్ద సిమెంటు మైదానంలో టైర్లు పేర్చి దారి గీశారు. శనివారం హీట్లు, అంటే ముందు విడత పందేలు. వాటిలో వచ్చిన స్థానాన్ని బట్టి ఆదివారం ఫైనల్లో ఎవరు ముందు నిలబడాలో, ఎవరు వెనకో తేలుతుంది. ఫైనల్ గెలిచినవాళ్ళకి కప్పు, దాంతో పాటు కోయంబత్తూరు పందెం జట్టులో ఏడాది పాటు డ్రైవరు సీటు. చేపల వ్యాను తోలే పిల్లకి అలాంటి తలుపు రెండోసారి తెరుచుకోదు. ఆ శనివారం హీటులో, మొట్టమొదటి మలుపులో, దుర్గ కారు అడ్డంగా తిరిగి టైర్ల గుట్టలోకి పోయింది.

ట్రాక్టరు వచ్చి కారును బయటికి లాగింది. కంచె అవతల జనంలో కొందరు ఈలలేశారు. దుర్గ హెల్మెట్ తీసి, ఎవరి ముఖమూ చూడకుండా ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుంది. వాన లేదు, నేల పొడిగా ఉంది, బ్రేకు బాగానే పట్టింది. అయినా కారు ఎందుకలా జారిందో ఆమెకు అంతుపట్టలేదు. అరచేత్తో రబ్బరును తడిమింది. చేతికి జిడ్డు అంటింది. ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది.

సొర నూనె.

ఆ వాసన తెలియకపోవడానికి ఆమె ఏ పట్నంలోనో పుట్టలేదు. నీలమ్మపేటలో సొరచేప కాలేయాన్ని కాచి నూనె తీస్తారు. పడవ కర్ర ఉప్పునీళ్ళకి పాడైపోకుండా అదే పూస్తారు. మామూలు రోజుల్లో ఆ పని ఎవరైనా చేస్తారు గానీ, కొత్త పడవ మొదటిసారి నీళ్ళలో దిగే పొద్దున మాత్రం ఇంటి పెద్ద ఆడదే చెయ్యాలి. పడవ మూతికి పసుపు బొట్టు పెట్టి, ఇసకను తాకే అడుగంతా అరచేత్తో నూనె రాస్తుంది. ఏ అడ్డూ తగలకుండా పడవ జారుకుంటూ గంగమ్మ ఒళ్ళోకి పోవాలని. రాస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడదు, రాసిన సంగతి ఎవరికీ చెప్పదు. ఊళ్ళో సగం పడవలకి ఆ నూనె గురమ్మ చేతి మీదుగా పడిందే.

పొద్దున కారు మూతి మీద చిన్న పసుపు బొట్టు కనిపిస్తే, జగన్నాధం భార్య పెట్టి ఉంటుందనుకుంది దుర్గ. ఇప్పుడు ఆ బొట్టు ఎవరిదో తెలిసింది.

కంచె దగ్గర నీలమ్మపేట ఆడవాళ్ళంతా గుంపుగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు గురమ్మ. కంచె కన్నాల్లోంచి వేళ్ళు దూర్చి మనవరాలి చెయ్యి అందుకుంది.

"దెబ్బ తగిలిందేటే?"

"నేదు అమ్మమ్మా."

"సూపించు. మోసెయ్యి గీసుకుపోయింది కదేటి, నేదంటావేటి?" గురమ్మ కొంగు అంచుతో ఆ గీత తుడిచింది. పక్కనున్న ఆడవాళ్ళను దూరంగా జరగమని కళ్ళతోనే చెప్పి, గొంతు తగ్గించింది. "తప్పు నాదేనే."

దుర్గ కంచెకు దగ్గరగా జరిగింది.

"పొద్దున కేంటీనోళ్ళకి సేపలట్టుకొచ్చినాను కదా. ఆ ధర్మేంద్ర గుంటడు టిఫినీకి ఎల్లినాడు. షెడ్డు తలుపు దగ్గరగా ఏసున్నాది. నీ బండి ఒక్కటీ అలగ నిలబడి ఉంటే నాకు మనసాగనేదు. బొట్టెట్టి, నూనె రాసినాను. అడుగంతా రాయాలని సూసినాను గానీ ఈ మోకాళ్ళతోటి కిందకి దూరనేకపోయినాను. సక్రాలే కదా నేలకి తగిలేది, అని సక్రాలకి రాసి ఒగ్గేసినాను." గురమ్మ నిట్టూర్చింది. "సగం పని సేస్తే గంగమ్మ తల్లికి కోపం రాదేటి? అడుగు కూడా రాసుంటే ఇలగయ్యేది కాదే."

దుర్గకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎదురుగా ఉన్న ముసలామె నిజంగానే బాధపడుతోంది, ఇంకాస్త నూనె రాయలేకపోయినందుకు. ఆ ముఖం చూస్తూ, నీ నూనె వల్లే కారు జారింది అని చెప్పడానికి ఆ పిల్లకి నోరు రాలేదు. నాకూ వచ్చేది కాదు.

"ఈ మాట ఎవులికైనా సెప్పినావా?"

"ఎవులికి సెప్తాను? మనింటి పని."

"సెప్పకు" అంది దుర్గ, చెయ్యి విడిపించుకుంటూ. "నాను లోపలికెల్తాను. పిలుస్తన్నారు."

ఇక్కడ చదివేవాళ్ళకి ఒక సందేహం రావచ్చు. పోటీకి ముందురోజు కార్లను తనిఖీ చేసి షెడ్డులో పెడతారు కదా, జట్టు మనుషులు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు కదా, గేటు దగ్గర మనిషిని కూడా పెట్టారు కదా, గురమ్మ లోపలికెలా పోయిందని. నెత్తిన చేపల బుట్ట ఉన్న ఆడదాన్ని ఆపే కాపలావాడు మా జిల్లాల్లో ఇంకా పుట్టలేదండి. ఆవిడ ఏ గేటుకైనా ఇటు వచ్చి అటు పోతుంది. కాపలావాడు మహా అయితే ఇవాళ ఏం చేపలని అడుగుతాడు.

అధికారుల టెంటులో అప్పటికే గొడవ ముదిరింది. జగన్నాధం మంచివాడే గానీ కోపం వస్తే మనిషి కాదు. ధర్మేంద్ర చొక్కా మెడ దగ్గర పట్టుకుని ఊపేస్తున్నాడు.

"రాత్రంతా బండి దగ్గరున్నోడివి నువ్వు. తాళం నీ దగ్గరున్నాది. నువ్వు కాకపోతే ఎవుడు రాశాడ్రా? ఎవుడి మాట ఇని సేశావు, అది సెప్పు."

"నాకేటీ తెల్దు బాబూ. టిఫినీకి ఎల్లి బేగి వచ్చీసినాను. ఆ కాసేపే నేను లేంది."

"టిఫినీ ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు? నా సేతికింద పని నేర్చుకుని నా బండికే నూనె రాస్తావా?"

"అతని చొక్కా వదలండి, జగన్నాధంగారూ" అంది సుహాసిని.

సుహాసిని విశాఖపట్నం నుంచి వచ్చిన పోటీ అధికారి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని మాట్లాడుతుంది. గొంతు పెంచదు, పెంచాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ పడినట్టు లేదు. బల్ల మీద తెల్లగుడ్డ ముక్క ఉంది, దాంతో కారు చక్రం తుడిచి తెచ్చారు. ఆమె గుడ్డను వాసన చూసి ముఖం చిట్లించింది.

"చేపల వాసన వస్తోందే."

"ఆ బండికి ఎప్పుడూ అదే వాసన మేడమ్" అన్నాడు జగన్నాధం. "పిల్ల చేపల వ్యాను తోల్తాది. సీటుకీ అదే, హెల్మెట్‌కీ అదే."

టెంటులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. రోజూ ఆ నవ్వుకు దుర్గకు ఒళ్ళు మండేది. ఇవాళ మాత్రం ఆ నవ్వు చాటున దాక్కుంది.

సుహాసిని గుడ్డను పక్కన పెట్టింది. "వినండి. ఇది బయటివాళ్ళ కోసం కావాలని చేసిన పని అని తేలితే, అమ్మాయి హీటు మళ్ళీ పెట్టిస్తాను. ఆమెకు అన్యాయం జరగనివ్వను. ధర్మేంద్ర పేరు దేశంలో అన్ని జట్లకీ పంపుతాను. ఇకమీదట ఏ ట్రాక్ గేటులోకీ అడుగు పెట్టడు. అలా కాకుండా మీ మనుషుల్లోనే ఎవరో తెలిసో తెలియకో చేశారనుకోండి, అది మీ జట్టు తప్పు. ఇవాళ్టి ఫలితం మారదు. రేపు అందరికంటే వెనక నుంచి బయలుదేరాలి."

వెనక నుంచి అంటే ఏమిటో టెంటులో ఉన్న అందరికీ తెలుసు. ఆ ఇరుకు దారిలో ఒక కారును దాటడమే గగనం. వెనక వరుస నుంచి బయలుదేరినవాళ్ళు గెలవడం గరివిడిలో ఎవరూ చూడలేదు.

"అమ్మాయీ, నీకేమైనా తెలుసా?" సుహాసిని కళ్ళజోడు మీదుగా దుర్గను చూసింది.

"బ్రేకు నొక్కగానే జారిపోయింది మేడమ్. అంతే తెలుసు."

మొదటి భాగం నుంచీ ఈ పిల్లను నేను నెత్తిన పెట్టుకుని తిప్పుతున్నాను. ఆ మాట అన్నప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది. అమ్మమ్మ పరువు కోసమే చెప్పలేదని తనకు తాను సర్దిచెప్పుకుంది దుర్గ. అందులో అబద్ధం లేదు. నలుగురిలో గురమ్మను నిలబెట్టి నవ్వుతుంటే చూసి తట్టుకోలేదు. కానీ హీటు మళ్ళీ పెడతారన్న మాట చెవిన పడగానే లోపల ఆశ కూడా లేచి కూర్చుంది. మళ్ళీ ఆ మలుపు, మళ్ళీ ఆ బ్రేకు, ఈసారి పట్టు దొరికే చక్రాలు. ఆ ఆశే నోరు నొక్కేసింది.

ధర్మేంద్ర ఆమె వైపు తిరిగాడు. గేరు మార్చేటప్పుడు ఇంజను చప్పుడు వినమని నేర్పింది అతనే. మొదటిసారి హెల్మెట్ పెట్టుకుని ఊపిరాడక కంగారు పడితే పక్కన కూర్చుని నెమ్మదిగా కబుర్లు చెప్పింది అతనే.

"నువ్వైనా సెప్పు దుర్గా. నేనలాటోడినా?"

"కాదు అన్నా" అంది దుర్గ నేల చూస్తూ. ఆ మాట ఆమెకే సరిగ్గా వినిపించలేదు.

"దానికేటి తెలుసు, సిన్నపిల్ల" అని జగన్నాధం కసిరాడు. "మేడమ్, ఈడి పేరు పంపించీండి. గరివిడిలో ఈడికి ఇంక స్పానరు అట్టుకునే పని ఎవుడిస్తాడో నేనూ సూస్తాను."

చొక్కా గుండీ ఒకటి తెగి కింద పడితే ధర్మేంద్ర వంగి తీసుకుని జేబులో వేసుకున్నాడు. టెంటు బయట గరివిడి జనం తొంగి చూస్తున్నారు. వాళ్ళలో సగం మంది అతను చిన్నప్పటి నుంచీ తెలిసినవాళ్ళు. సాయంత్రానికి ఈ మాట చీపురుపల్లి దాకా పోతుంది.

అప్పుడే గురమ్మ టెంటు తెర పక్కకి నెట్టుకుని లోపలికి వచ్చింది. చేతిలో అన్నం క్యారేజీ. మనవరాలు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని ఆవిడ బాధ ఆవిడది.

"ఎందుకయ్యా ఆ గుంటణ్ణి అలగ కేకలేస్తన్నావు?" అంది జగన్నాధంతో.

"ఎందుకా? నీ మనమరాలి బండి సక్రాలకి నూనె రాసినాడమ్మా, ఈ దొంగ."

గురమ్మ క్యారేజీ బల్ల మీద పెట్టబోయి ఆగింది. "సక్రాలకి నూనె రాస్తే ఏటవుద్ది?"

"ఏటవుద్దని అడుగుతున్నావా? జారిపోద్ది. నేలని అట్టుకుంటేనే కదా సక్రం. నూనె రాస్తే బ్రేకు కొట్టినా ఆగదు, అడ్డంగా పోద్ది. టైర్లున్నాయి కాబట్టి సరిపోయింది, గోడుండుంటే పిల్ల మనకి దక్కేది కాదు. నీ పడవ కాదు కదా, జారడానికి."

గురమ్మ నెమ్మదిగా మనవరాలి వైపు చూసింది. దుర్గ తలెత్తలేదు. ఆ వంగిన తల చూడగానే, కంచె దగ్గర ఎవరికీ చెప్పొద్దని ఎందుకందో గురమ్మకు తెలిసిపోయింది. ఆ ముసలిదాని ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. సముద్రం మీదికి పోయిన మనుషులు తిరిగి రాని రోజుల్లో కూడా ఒడ్డున నిలబడి పది మందికి ధైర్యం చెప్పిన మనిషి, ఇప్పుడు తన అరచేతులు తానే చూసుకుంది.

అయితే ఎంతోసేపు కాదు. క్యారేజీ బల్ల మీద పెట్టింది. కొంగు నడుముకు చుట్టి బిగించింది. నేరుగా వెళ్ళి ధర్మేంద్ర పక్కన నిలబడింది.

"ఈ గుంటడికి ఏ పాపమూ తెల్దు. నూనె రాసింది నాను."

జగన్నాధం నోరు తెరుచుకునే ఉంది. "నువ్వా? ఎందుకు తల్లీ?"

"మంచికే రాసినాను. మా ఊళ్ళో కొత్త పడవకి రాస్తాం. ఇదీ మా ఇంటి కొత్త పడవే అనుకున్నాను. ఆడు టిఫినీకి ఎల్లినప్పుడు ఒచ్చి, బొట్టెట్టి, ఈ సేత్తోనే రాసినాను."

వెనక నిలబడిన ఒక కుర్ర అధికారి నవ్వు ఆపుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గురమ్మ అతని వైపు తిరిగింది. చేపల వేలంలో తక్కువ పాట పాడినవాళ్ళని చూసే చూపు అది.

"నవ్వకు బాబూ. నీ కొత్త బండి సక్రాల కింద నిమ్మకాయలు ఎట్టించింది మీ అమ్మ కాదేటి? మీ అమ్మకి తెలిసింది మీ అమ్మ సేసింది, నాకు తెలిసింది నాను సేసినాను." ఆ కుర్రాడి నవ్వు పోయింది. గురమ్మ సుహాసిని వైపు తిరిగి గొంతు తగ్గించింది. "సూడమ్మా, నాకు సదువు నేదు. సక్రం నేలని అట్టుకోవాలని నాకు తెల్దు. తెలవక సేసినాను, తెలిసినాక దాసుకోను. మా పిల్ల గెలవాలని నాకూ ఉన్నాది. రేత్రీ పగలూ అదే దేవులాట. అయితే ఇంకొకడి పేరు నీళ్ళలో ముంచీసి, ఆ కప్పు అట్టుకొని మేం ఊళ్ళోకి ఎలగెల్తాం? ఒడ్డు మీద ఎవుల మొకం సూస్తాం?"

బయట మైకులో తరువాతి హీటుకు పేర్లు పిలుస్తున్నారు.

"మీరు చెప్పినదానికి ఫలితం ఏమిటో తెలుసా, గురమ్మగారూ?" అంది సుహాసిని. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "హీటు మళ్ళీ పెట్టడం కుదరదు. మీ మనవరాలు రేపు అందరి వెనక నుంచి బయలుదేరాలి."

"ఎనకేటి, ముందేటి. అది నా మనమరాలు. మార్కెట్టుకి ఎప్పుడూ ఆకర్నే బయల్దేరి, అందరికంటే ముందు బుట్టలు దింపుతాది. ఎక్కడ నిలబెడితే అక్కడి నించే తోల్తాది. ఈ గుంటడి పేరు మాత్రం తుడిసీండి."

అలాంటి మనిషి చేతిలో పెరిగిన పిల్ల గురించి రాస్తున్నందుకు నాకు గర్వంగా ఉంది. ఆ మాట దాచుకోను.

జగన్నాధం ధర్మేంద్ర ముందు నిలబడ్డాడు. ఏదో అనబోయి, చెయ్యి అతని భుజం మీద వేశాడు. "తప్పయిపోనాదిరా" అన్నాడు చివరికి. ధర్మేంద్ర ఆ చేతిని తొయ్యలేదు, అలాగని ఆయన వైపు చూడనూ లేదు. అతని చూపు దుర్గ మీద ఉంది.

"నీకు తెలుసా?" అని అడిగాడు.

ఇదిగో, ఇక్కడ దుర్గకు దారి ఉంది. తెలియదంటే సరిపోతుంది. కంచె దగ్గర మాట్లాడుకున్నది ఇద్దరే. ఆ రెండో మనిషి కన్నతల్లి కంటే ఎక్కువ. రేపు వెనక వరుసలోనైనా సరే కారులో కూర్చోవచ్చు. వెనక నుంచి పోయినా గెలుస్తానన్న నమ్మకం ఆ పిల్లకి లేకపోలేదు. దుర్గ అమ్మమ్మ వైపు చూసింది. గురమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. చేతులు కట్టుకుని, ఆవిడ కూడా జవాబు కోసమే చూస్తున్నట్టు నిలబడింది.

దుర్గ తలెత్తింది.

"తెలుసు అన్నా. హెల్మెట్ తీసి సక్రం ముట్టుకున్నప్పుడే తెలిసింది. సొర నూనె వాసన నాకు తెలవదేటి? నేనలాటోడినా అని నువ్వడిగినావు కదా, అప్పుడు కూడా తెలుసు. అమ్మమ్మని అందరూ నవ్వుతారని సెప్పలేదు. అదొక్కటే కాదు. హీటు మళ్ళీ ఎడతామన్నారు కదా, ఆశ పుట్టింది. నా ఆశ కోసం నిన్ను ఒగ్గేసినాను."

"నోరు మూసుకోవే" అన్నాడు జగన్నాధం కంగారుగా. "మేడమ్, సిన్నపిల్ల, దెబ్బ తగిలి ఏదో మాట్లాడతంది."

"సరిగ్గానే మాట్లాడుతోంది" అంది సుహాసిని. "ఇందాక నేను అడిగినప్పుడు తెలియదంది. ఇప్పుడు తెలుసంటోంది." ఆమె కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని కాసేపు దుర్గను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఆమెకు ఆ జవాబు నచ్చినట్టే ఉంది, నచ్చినందుకు ఇబ్బంది పడుతున్నట్టూ ఉంది. "అధికారి అడిగినప్పుడు నిజం దాచి, దానివల్ల ఇంకో మనిషికి నష్టం జరిగితే, ఆ డ్రైవరును పోటీలోంచి తీసేయాలని నియమం. ఈ పోటీ ఒక్కటే కాదు, ఏడాది మొత్తం."

ఏడాది మొత్తం అంటే కోయంబత్తూరు సీటు పోయినట్టే. జగన్నాధం కుర్చీలో కూలబడ్డాడు.

"కానీ ఆ నియమాన్ని నా అంతట నేను అమలు చేయలేను. నష్టపోయిన మనిషి ఫిర్యాదు రాసివ్వాలి." సుహాసిని ధర్మేంద్ర వైపు తిరిగింది. "ఇక్కడ నష్టపోయింది నువ్వు. నిన్ను దొంగన్నారు, మీ ఊరి జనం ముందు చొక్కా పట్టుకున్నారు, ఈ అమ్మాయి తెలిసీ ఊరుకుంది. నువ్వు రాసిస్తే ఈమె పోటీ ఇవాళతో సరి. రాయకపోతే రేపు పొద్దున వెనక వరుసలో నిలబడుతుంది. నీ ఇష్టం. ఎవరూ నిన్ను బతిమాలకూడదు."

జగన్నాధం లేవబోయాడు. గురమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వూరుకో బాబూ. మాట పడింది ఆడు. ఆడి ఇష్టం."

దుర్గ కళ్ళలో నీళ్ళు లేవు. వెన్ను నిటారుగా పెట్టి, చేతులు పక్కన వేలాడేసి, వేలంలో చివరి పాట కోసం చూసే మనిషిలా నిలబడింది.

"రాయాలనిపిస్తే రాయి అన్నా" అంది. "నీ మీద నాకు కోపం రాదు. నీ జాగాలో నేనున్నా రాసేదాన్ని."

గురమ్మ వచ్చి మనవరాలి పక్కన నిలబడింది. భుజం మీద చెయ్యి వేసింది. కప్పు తెచ్చి ఒళ్ళో పెట్టి ఉంటే కూడా ఆ ముసలిదానికి ఇంత గర్వం కలిగేది కాదు. ఆ గర్వం ముఖం మీద దాగలేదు, దాచుకోవాలనీ ఆవిడ చూడలేదు.

ధర్మేంద్ర జేబులో చెయ్యి పెట్టి తెగిన గుండీని బయటికి తీసి చూసుకున్నాడు, మళ్ళీ లోపల వేసుకున్నాడు. తెర సందులోంచి తొంగి చూస్తున్న తన ఊరివాళ్ళని చూశాడు. జగన్నాధాన్ని చూశాడు. గురమ్మ దగ్గర ఆ చూపు కాస్త ఆగింది. చివరికి దుర్గను చూశాడు. ఆ ముఖంలో ఏముందో నేనక్కడే ఉన్నా చదవలేకపోయేవాణ్ణి.

తర్వాత గ్రీజు అంటిన చేతులు రెండూ ప్యాంటుకు బాగా తుడుచుకుని, బల్ల ముందున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఒక కాగితం ఇవ్వండి మేడమ్" అన్నాడు. "పెన్ను కూడా."